బదులు దెబ్బ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివేవాళ్ళు ముందుగా ఆ సంగతి తెలుసుకోండి. ఖాజాగూడ బండల మధ్య గుడిసె వేసుకుని బతికినదాన్ని. మా గుడిసె వెనక గోరీలుండేవి. వాటి మీదే మిరపకాయలు ఎండబెట్టేదాన్ని. ఒక్క గోరీ లేచి నన్ను పలకరించలేదు.

నా మొగుడు అంజయ్య పోయి ఇరవై ఏళ్ళు. ఒక్కనాడు కలలోకి కూడా రాలేదు. వచ్చి ఉంటే రెండు మాటలు అడిగేదాన్ని.

నా పేరు బాలమణి. అరవై ఆరు దాటాయి. యాభై రెండేళ్ళు వచ్చేదాకా సంతకం తెలియదు, వేలిముద్రే. ఇది నేనే రాస్తున్నాను. తప్పులు మా ఇంట్లో కిరాయికుండే ప్రసన్న దిద్దింది. అక్షరాలు దిద్దు, మాటలు మార్చకు అని చెప్పాను.

రాయదుర్గంలో ఇప్పుడు అద్దాల టవర్లు ఉన్నచోట అప్పుడు ఏనుగులంత బండలుండేవి. టవర్ లేవాలంటే ముందు సెల్లార్ తవ్వాలి. సెల్లార్ తవ్వాలంటే బండ పగలాలి. బండకు బొక్కలు వేసి, తూటాలు కూరి, తీగలు కలిపి పేల్చేవాళ్ళు. నేనూ అంజయ్యా అక్కడే కూలికి పోయేవాళ్ళం. అతను బండ కొట్టేవాడు, నేను తట్ట మోసేదాన్ని.

తూటా పేల్చే ముందు మా పనిలో ఒక పద్ధతి ఉండేది. మేస్త్రి పైన గట్టు మీద నిలబడి ఖాళీ నూనె డబ్బాను ఇనుప కడ్డీతో మూడుసార్లు కొట్టాలి. గుంతలో ఉన్న ప్రతి మనిషీ తన సుత్తెతో బండ మీద ఒక్క దెబ్బ కొట్టాలి. విన్నాను, వస్తున్నాను అని దానర్థం. దాన్ని మేము బదులు దెబ్బ అనేవాళ్ళం. కింద ఎంతమంది ఉన్నారో అన్ని బదులు దెబ్బలు వినపడాలి. ఆఖరి మనిషి పైకెక్కి సుత్తె చూపించేదాకా మేస్త్రి గట్టు మీద నుంచి కదలకూడదు. అందరూ ఎక్కాకే ఆఖరి తీగ కలపాలి. ఎంత ఎండయినా, ఎంత తొందరయినా అంతే.

ఒకరోజు పొద్దున పదకొండు దాటి పది నిమిషాలకు తూటా పేలింది. మిగతావాళ్ళు రొట్టె తినడానికి పైకి వచ్చారు. అంజయ్య ఒక్కడే కింద ఉన్నాడు. సగం పగిలిన బండను వదిలి రావడం అతనికి చేతకాదు. నేను పక్క గుంతలో తట్ట మోస్తున్నాను. నాకు పేలుడు వినపడింది. డబ్బా మోత వినపడలేదు. ఈ మాట ఆ రోజు చెప్పాను, ఆ తర్వాతా చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.

అతని సుత్తె కూడా దొరకలేదు. దాని గురించి ఒక మాట చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. ఆ సుత్తె కర్ర కామకు ఒక ఇనుప కట్టు ఉండేది. అది వదులు. అందుకని దెబ్బ కొట్టినప్పుడల్లా ఠంగుమన్న మోత వెనకే టిక్కుమని ఇంకో చిన్న చప్పుడు వచ్చేది. కట్టు బిగించుకొమ్మని వందసార్లు చెప్పాను. వినలేదు. పది సుత్తెలు ఒకేసారి మోగినా అంజయ్యది ఏదో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

మూడోనాడు కంట్రాక్టరు మనుషులు ఒక కాగితం తెచ్చి నా బొటనవేలు పట్టుకుని నొక్కించుకున్నారు. పనిలో పోయాడని రాశామన్నారు. నాకిచ్చిన కాపీ పెట్టెలో పెట్టుకున్నాను. తర్వాత కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే పోయాను. అందరూ బస్సు బోర్డులు చదవడానికి నేర్చుకున్నారు. నేను ఆ కాగితం చదవడానికి నేర్చుకున్నాను. రెండేళ్ళు పట్టింది.

అందులో ఇలా ఉంది: డబ్బా మూడుసార్లు కొట్టి హెచ్చరించినా, మద్యం మత్తులో ఉన్నందున సదరు కూలి పైకి రాలేదు. కింద సాక్షి సంతకం, మేస్త్రి మల్లేశం. దాని పక్కన నా వేలిముద్ర.

అంజయ్య బోనాలకు కూడా కల్లు ముట్టేవాడు కాదు. వాసనకే వాంతి. మా బస్తీలో అందరికీ తెలుసు. నా మొగుడు తాగుబోతని నేనే ఒప్పుకున్నట్టు నా వేలు అక్కడ ఉంది. అది చదివిన రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఆ మేస్త్రి నోటితో, నలుగురి ముందు, డబ్బా కొట్టలేదు అనిపించాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదు.

ఇప్పుడు నేను ఖాజాగూడ చెరువు దగ్గర పొద్దున నడిచేవాళ్ళకు రాగిజావ అమ్ముతాను. ఇల్లు పాత ఊళ్ళో. పైగదిలో ప్రసన్న ఉంటుంది. అనంతపురం పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ పిల్లకు ఒక పిచ్చి ఉంది. కంప్యూటర్‌లో చప్పుళ్ళతో ఆడుతుంది.

తెర మీద చిన్న చిన్న పెట్టెలు ఉంటాయి. ఒక పెట్టె చప్పుడు తెస్తుంది, ఒకటి దాన్ని లావు చేస్తుంది, ఒకటి గుంతలోంచి వచ్చినట్టు మార్మోగిస్తుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య తీగలు గీయాలి. ఏ తీగ ఎటు పోతే చప్పుడు అటు పోతుంది. చదవాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. నాకు వెంటనే పట్టుబడింది. తూటా తీగలు కలపడం ఏళ్ళ తరబడి చూసినదాన్ని, ఇదేం లెక్క?

“అవ్వా, మా ఆఫీసులో బీటెక్ చదివినోళ్ళకు రెండు నెలలైనా రాలేదు, నీకు వారంలో వచ్చింది. నువ్వు ఆ కాలంలో చదువుకొని ఉంటే మమ్మల్ని బతకనిచ్చేదానివా?” అనేది.

“ఇప్పుడు మాత్రం బతకనిస్తున్ననా? కిందికొచ్చి గిన్నె పట్టు” అనేదాన్ని.

తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చింది. దానితో జావకు ఒక ఏర్పాటు చేసింది. నేను పొద్దున గిన్నె మూత మీద గరిటెతో రెండు దెబ్బలు కొడితే ల్యాప్‌టాప్ ఆ చప్పుడు పట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఒక సర్వీసు ఉంది. ఇది జరిగితే అది చెయ్యి అని ఒకసారి చెప్పి వదిలేస్తే, మనం పక్కన లేకున్నా చేస్తూనే ఉంటుంది. నా మూత మోత వినగానే అది వాడుక మనుషులందరి ఫోన్లకూ జావ తయారైందని కబురు పంపేది. జీతం లేని పనిమనిషి.

ఆ వాడుక మనుషుల్లో ఒకరు కొండాపూర్ మల్లేశం సార్. అవును, అదే మేస్త్రి.

కొడుకు కొన్న ఫ్లాట్‌లో ఉంటాడు. తెల్ల బూట్లు వేసుకుని చెరువు చుట్టూ నడవడానికి కారులో వస్తాడు. మొదటి రోజే నేను గుర్తుపట్టాను. ఆయన పట్టలేదు. తట్ట మోసిన మనిషి ముఖం ఎవరికి గుర్తుంటుంది? తన నంబరు తనే చెప్పి నా పుస్తకంలో రాయించాడు. నాలుగు నెలలు నా చేతి జావ తాగాడు. అందులో ఏమన్నా కలుపుదామన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. గిన్నెలో మిగతావాళ్ళ జావ కూడా ఉంది కాబట్టి ఆగాను.

ఒకనాడు బెంచీ మీద తన తోటి ముసలివాళ్ళతో ముచ్చట పెడుతున్నాడు. రాయదుర్గం వైపు చెయ్యి చూపించి, అవన్నీ తన చేతి మీద లేచినవేనని చెప్పాడు. వాళ్ళలో ఒకాయన, పనిలో ఎవరికీ ఏమీ కాలేదా అని అడిగాడు.

“ఒక్కడే. వాడు గూడ తాగి సచ్చిండు. నేను పైనుంచి డబ్బా కొట్టిన, ఒకటి, రెండు, మూడు. ఊర్ల సచ్చినోళ్ళు గూడ లేస్తరు ఆ మోతకు. వీడు లెవ్వలే. నిషా ఎక్కి బండనే పెండ్లామనుకొని పట్టుకొని పన్నట్టుండు.”

అందరూ నవ్వారు. మేస్త్రి ఖాళీ గ్లాసు నా వైపు చాచాడు.

“జర పల్చగ పొయ్యమ్మా.”

పల్చగానే పోశాను. ఇంటికి పోయి ల్యాప్‌టాప్ తెరిచాను.

ప్రసన్న ఆఫీసుకు పోయి ఉంది. ఖాళీ నూనె డబ్బా ఒకటి, పాత ఇనుప కడ్డీ ఒకటి తీసుకుని మూడు దెబ్బలు కొట్టాను. ఆయన ఆ రోజు ఎలా కొట్టాలో అలా. ల్యాప్‌టాప్ అది పట్టుకుంది. ఆ చప్పుడును మార్మోగే పెట్టెకు కలిపాను, దాన్ని లావు చేసే పెట్టెకు కలిపాను. ఆఖర్న చప్పుడును ఫైలుగా రాసే పెట్టె పెట్టాను. పదకొండు పదికి మోగాలని గడియారం పెట్టెకు చెప్పాను. జావ కోసం ప్రసన్న చేసిన ఏర్పాటు చూసి సర్వీసులో ఇంకోటి అలాంటిదే చేశాను. అందులో పేర్లన్నీ తీసేసి ఒక్క మేస్త్రి నంబరు ఉంచాను. పంపేవాళ్ళ పేరు అడిగిన చోట అంజయ్య అని రాశాను. పని మొదలైందని తెర మీద పచ్చదీపం వెలిగింది.

నా లెక్క ఏంటంటే, రోజూ అదే గడియకు, అదే పేరుతో, ఎన్నడూ కొట్టని ఆ డబ్బా మోత ఆయన చెవిలో పడాలి. ఎన్నాళ్ళు తట్టుకుంటాడో చూద్దామనుకున్నాను.

ఆ మూడు దెబ్బలు కొట్టానే గాని, తిరిగి వినలేదు. వినే ధైర్యం లేదు. స్పీకరు తీగ అసలు గీయలేదు. పదకొండు అయ్యేసరికి ల్యాప్‌టాప్ మీద గుడ్డ కప్పి, తాళం వేసి బయటికి పోయేదాన్ని.

మొదటి రెండు రోజులు మేస్త్రి మామూలుగానే ఉన్నాడు. మూడోనాడు ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు. తోటివాళ్ళు ఊరుకుంటారా?

“ఏం మేస్త్రీ, గంటకోసారి ఫోన్ సూస్తున్నవ్? ఈ వయసుల ఎవరన్న తగులుకున్నరా?”

ఆయన నవ్వలేదు. వారానికి నడక మానేసి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పది రోజులకు ముఖం పీక్కుపోయింది. ఒకరోజు జావ గ్లాసు పట్టుకుని తాగకుండా, బండల వైపు చూస్తూ నన్నడిగాడు.

“ఈడ ఎవరన్న బండ కొడుతున్నరా అమ్మా?”

“బండలెక్కడియి సారూ, అన్ని మీరే కొట్టేస్తిరి గద” అన్నాను.

నాకు సంతోషంగా ఉండింది. దాచుకోవడం ఎందుకు? ఆ పదిరోజులూ కడుపునిండా తిన్నాను, నిద్రపోయాను. ఆయన అడిగిన మాట మీద మాత్రం కొంచెం ఆలోచించాల్సింది. నేను పంపింది డబ్బా మోత. ఆయన అడిగింది బండ కొట్టే చప్పుడు గురించి. అప్పుడు నాకు తట్టలేదు.

మూడో వారంలో ఆయన రావడం మానేశాడు. రెండు రోజులకు ఒక అమ్మాయి వచ్చింది. మేస్త్రి కోడలు సునీత. భీమవరం వైపు పిల్ల. ఎంతో మర్యాద.

“అమ్మా, మావయ్యగారు రోజూ మీ దగ్గరే జావ తాగేవారటండి. ఇక్కడికి అంజయ్య అనే ఆయన ఎవరైనా వస్తుంటారా అండి?”

ఇరవై ఏళ్ళ తర్వాత నా మొగుడి పేరు పెట్టి నన్ను ఒకరు అడిగారు. ఎందుకని అడిగాను.

“రోజూ పదకొండు దాటాక ఆయన పేరుతో ఒక చప్పుడు వస్తోందండి. నంబరు బ్లాక్ చేశాం. ఫోనే మార్చాం. అయినా వస్తోంది. మావయ్యగారు అన్నం మానేశారు. సోఫా పక్కన నేల మీద కూర్చుని చెవి ఒగ్గుతున్నారు. మీరూ వినండి, ఇదేంటో తెలుస్తుందేమో.”

ఆయన ఫోనే తెచ్చింది. వద్దనేలోగా నొక్కింది. మూడు డబ్బా దెబ్బలు వస్తాయని పళ్ళు బిగబట్టాను.

ఒక్క దెబ్బ వచ్చింది. బండ మీద సుత్తె. దాని వెనకే టిక్కుమని ఇంకో చిన్న చప్పుడు.

బెంచీ పట్టుకుని కూలబడ్డాను. సునీత కంగారుపడి నీళ్ళు పోసింది. మళ్ళీ వినిపించమన్నాను. వినిపించింది. నిన్నటిది, మొన్నటిది, అన్నీ. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క దెబ్బ. అన్నిటి వెనకా ఆ కట్టు చప్పుడు. చెరువు దగ్గర కారాలు అమ్మే లక్ష్మి కూడా విన్నది. ఇది నా చెవి భ్రమ అనేవాళ్ళు ఆమెను అడగొచ్చు. సునీత అక్కడే నా ఫోన్‌కు ఒకటి పంపింది. నా ఫోన్‌లో నొక్కితే ఏ చప్పుడూ లేదు.

ఆ రోజు శనివారం. ప్రసన్న ఇంట్లోనే ఉంది. జరిగిందంతా చెప్పి ల్యాప్‌టాప్ ముందు పెట్టాను. తిడుతూనే తెరిచింది.

“ఏంది అవ్వా ఇట్లా చేసినావు? ఒకరి మింద ఇట్లాటివి పెడితే పోలీసు కేసు అవుతాది తెల్సా?” అంది. కాసేపటికి తిట్టడం ఆపింది. “అవ్వా, ఇది ఎప్పుడు మార్చినావు?”

“ఏది?”

“ఆఖరు తీగ. రాసే పెట్టెకు ఏమీ కలపలే నువ్వు.”

చూశాను. నిజమే. లావు చేసే పెట్టె ఇటు, రాసే పెట్టె అటు. మధ్యలో ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది. ఆ తీగను నేను కావాలనే వదిలాను. అన్నీ అమరాక, అందరూ ఎక్కాక ఆఖరి తీగ కలపాలి కదా. ఆ అలవాటుతో చెయ్యి అక్కడ ఆగింది. తర్వాత సర్వీసులో అంజయ్య పేరు రాశాను. ఆ పేరు తెర మీద చూసేసరికి కళ్ళు మసకబారాయి. పచ్చదీపం వెలిగింది కదాని లేచిపోయాను. తీగ కలపనేలేదు.

అంటే రోజూ ఫైలు పుట్టింది, పోయింది. దాంట్లో ఏమీ లేదు. ప్రసన్న ఒక్కొక్కటి తెరిచి చూపించింది. చప్పుడు ఉంటే గీత కొండల్లా లేవాలి. అన్నింటిలోనూ గీత పలకలా చదునుగా ఉంది. సర్వీసు వాళ్ళ దగ్గర మిగిలిన కాపీలు కూడా చూసింది. అవీ అంతే.

“నువ్వు పంపింది నిశ్శబ్దం అవ్వా” అంది. ఆ పిల్ల చేతి మీద రోమాలు లేచి ఉన్నాయి. నేను చూశాను.

అప్పటికప్పుడు అన్నీ తీసేసింది. పెట్టెలు, తీగలు, ఫైళ్ళు, సర్వీసులో నేను చేసింది, అన్నీ. జావ ఏర్పాటు కూడా తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం సునీత ఫోన్ చేసింది. పదకొండు పదికి మళ్ళీ వచ్చిందండి అని ఏడ్చింది.

నేను ఆ రోజంతా గిన్నె కూడా కడగలేదు. భయమని కాదు. భయం కంటే కోపమే ఎక్కువ. ఇరవై ఏళ్ళు నాకు ఒక్క కల లేదు. ఆ మేస్త్రికి రోజుకొక దెబ్బా? అంతలో ఇంకో ఆలోచన వచ్చి నోరు మూయించింది. బదులు దెబ్బ ఊరికే రాదు. పైనుంచి డబ్బా మోగితేనే వస్తుంది. ఆ గుంత మీద ఆ రోజు డబ్బా మోగలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత నా ఇంట్లో, నా చేత్తో, మూడుసార్లు మోగింది. తీగ కలిసిందో లేదో, విన్నవాడు విన్నాడు. విని, పద్ధతి ప్రకారం మేస్త్రికి చెప్పాడు. విన్నాను, వస్తున్నాను అని.

ఆ మర్నాడు పొద్దున మేస్త్రి తనే వచ్చాడు. బూట్లు లేవు. సునీత వెనకాల ఉరుకుతూ వచ్చింది. జావ తాగేవాళ్ళు పది పదిహేను మంది ఉన్నారు. ఆయన పాత నేస్తాలు కూడా ఉన్నారు. ఆయన నా ముందు నిలబడి నా ముఖం చూశాడు. మొదటిసారి చూశాడు.

“నువ్వు అంజయ్య పెండ్లానివి గదా?”

“ఇన్నొద్దులకు ఎరుకవట్టినవా?” అన్నాను.

“వాన్ని ఆపమను.”

“ముందు నువ్వు చెప్పు. డబ్బా కొట్టినవా?”

ఆయన తలకాయ దించాడు. ఆయన నేస్తాల్లో ఒకాయన, పదరా పోదాం అని చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాడు.

“కొట్టలె” అన్నాడు. “డబ్బ ఖాళీ లేదు. ఆ పొద్దు పెద్ద సార్లు వచ్చిండ్రు, పేలుడు సూస్తమని. ఆళ్ళకు చాయ్ పెట్టనీకె డబ్బాల నీళ్ళు వట్టిచ్చిన. నీళ్ళ డబ్బ మోగదు గద. ఒక కేక ఏస్తే సాలనుకున్న. మిషిన్ల మోతల కేక ఎవనికి ఇనవడతది? బదులు దెబ్బలు లెక్కవెట్టలె. సార్లు టైం సూసుకుంటుండ్రు. తీగ కలిపిన.”

“తాగిండా నా మొగడు?”

“తాగలె. వాడు తాగడు. నాకెరుకే.”

చాయ్ నీళ్ళు. ఇరవై ఏళ్ళుగా నేను ఎన్నో అనుకున్నాను, పగ అనుకున్నాను, పైవాళ్ళ కుట్ర అనుకున్నాను. ఎవరో నలుగురికి చాయ్ కావాల్సి వచ్చింది.

ఆ కాగితం నేను జావ పుస్తకంలోనే పెట్టుకుని తిరిగేదాన్ని. తీసి ఆ లైను ఆయనతోనే గట్టిగా చదివించాను. దాని కింద నా చేత్తో నేను రాశాను: డబ్బా కొట్టలేదు. అంజయ్య తాగలేదు. ఈసారి రాసింది చదవగలనన్న ధైర్యంతో నిదానంగా, పెద్ద అక్షరాలతో రాశాను. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

“పెన్ను లోపల వెట్టు” అన్నాను.

కట్టెల పొయ్యి మీద కాచిన గిన్నె నాది. అడుగంతా మసి. ఆయన బొటనవేలు పట్టుకుని ఆ మసిలో రుద్ది కాగితం మీద నొక్కాను. ఆ రోజు నా వేలు ఎలా పట్టుకున్నారో అలాగే.

“ఇంక ఆపుతవా?” అన్నాడు.

“నా శేతుల ఏం లేదు. అన్ని తీసేసి రెండొద్దులైంది.”

ఆయనకు అర్థమైంది, పని తెలిసిన మనిషి కదా. రాయదుర్గం వైపు తిరిగాడు.

“అయితే వాడు ఎక్కుతుండు” అన్నాడు.

ఇది జరిగి ఏడు నెలలు. ఆ పొద్దు తర్వాత ఆ చప్పుడు రాలేదని సునీత చెప్పింది. ఫోన్‌లో పాతవి ఉన్నాయి గాని, నొక్కితే ఏమీ వినపడటం లేదట. ప్రసన్న ఆ ఫోన్ రెండు వారాలు తన దగ్గర పెట్టుకుని వెతికింది. ఆఫీసులో తెలిసినవాళ్ళకు చూపించింది. తీగ కలపని చోటు నుంచి చప్పుడు పోదని వాళ్ళందరూ చెప్పారు. అది నాకూ తెలుసు. పోయింది మరి. సునీత విన్నది, లక్ష్మి విన్నది, నేను విన్నాను. దయ్యమని మాత్రం ఇప్పటికీ అనను. అంజయ్య అంటాను.

మేస్త్రి ఇప్పుడు నడకకు రాడు. రోజూ పదకొండు కాకముందే రాయదుర్గంలో అంజయ్య పోయిన గుంత మీద లేచిన టవర్ దగ్గరికి పోతాడు. సెల్లార్‌లోంచి కార్లు ఎక్కి వచ్చే దారి పక్కన నిలబడతాడు. సెక్యూరిటీవాళ్ళు తరిమితే రోడ్డుకు అవతల నిలబడతాడు. కొడుకు వచ్చి తీసుకుపోతే మర్నాడు మళ్ళీ వస్తాడు. డాక్టర్లకు చూపించారు, మందులు వేసుకుంటున్నాడు. అయినా వస్తాడు.

మొన్న ఆటోలో ఆ దారిన పోతూ చూశాను. ఎండ మాడిపోతోంది. ఒక్కొక్క కారు కింద నుంచి ఎక్కి వస్తుంటే మెడ చాచి లోపలికి చూస్తున్నాడు. చూసి, మళ్ళీ తన చోటుకు జరుగుతున్నాడు. గొడుగు కూడా లేదు. నాకు జాలి కలగలేదు. ఆటో ఆపమని చెప్పలేదు.

ఆఖరి మనిషి ఎక్కి వచ్చి సుత్తె చూపించేదాకా మేస్త్రి గట్టు మీద నుంచి కదలకూడదు.